ఊరు సరిచూసుకోగలిగే ప్రశ్న అడగండి

ఉమ్మడి నల్లగొండ, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాల శాసనసభ్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన శాసనసభ్యులకు నమస్కారాలు.

నేను నల్లగొండ జిల్లాలో తాగునీటి పనులు చూసే ఒక ప్రభుత్వ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా చేరి సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేశాను. ఉమ్మడి నల్లగొండలోని 12 నియోజకవర్గాల నుంచి, ఉమ్మడి పాలమూరులోని 14 నియోజకవర్గాల నుంచి మీరు మొత్తం 26 మంది, 119 మంది కూర్చునే శాసనసభకు వెళ్లారు. మీలో అధికార పక్షం వారున్నారు, ప్రతిపక్షం వారున్నారు. ఈ లేఖ ఎవరి పార్టీనీ చూసి రాస్తున్నది కాదు. సభలో మంత్రులను మీరు అడిగే ప్రశ్నల గురించి, ముఖ్యంగా మంచినీళ్లు, బస్సు, దవాఖాన వంటి ఊరి అవసరాల మీద అడిగే ప్రశ్నల గురించి రాస్తున్నాను. ఆ ప్రశ్నలకు జవాబులు తయారయ్యే చోట ఏళ్ల తరబడి కూర్చున్నవాడిగా నాకు తెలిసిన సంగతులు కొన్ని మీకు చెప్పుకోవాలన్నది నా కోరిక.

శాసనసభ ప్రశ్నను మా ఆఫీసుల్లో ఎల్ఏక్యూ అంటారు. సమావేశాల తేదీ ప్రకటించగానే "ఎల్ఏక్యూలు వస్తాయి, ఎవరూ సెలవు పెట్టకండి" అని పైనుంచి మాట వచ్చేది. ప్రశ్న సచివాలయంలో బయలుదేరి, శాఖాధిపతి కార్యాలయం మీదుగా జిల్లాకు, జిల్లా నుంచి డివిజన్‌కు, అక్కడి నుంచి మండలంలోని అసిస్టెంటు ఇంజనీరు దాకా ఒక్క రోజులో దిగేది; మొదట్లో ఫ్యాక్సులో, ఆ తరువాత మెయిల్‌లో, నేను దిగిపోయే నాటికి వాట్సాప్‌లో. జవాబు మళ్లీ అవే మెట్లు ఎక్కి వెళ్లేది. ఎక్కే ప్రతి మెట్టు మీదా కొంత నిజం రాలిపోయేది. మండలంలో "మోటారు కాలిపోయి మూడు నెలలైనది, ఊరివాళ్లు పొలం బావి నుంచి తెచ్చుకుంటున్నారు" అని రాసింది డివిజన్‌లో "మోటారు మరమ్మతులో ఉన్నది" అయ్యేది, జిల్లాకు వచ్చేసరికి "మరమ్మతు పనులు పురోగతిలో ఉన్నవి" అయ్యేది, సభలో బల్ల మీదికి చేరేటప్పటికి "తగు చర్యలు తీసుకొనబడుచున్నవి" అన్న మాట ఒక్కటే మిగిలేది. ఆ మాటలు దిద్దిన చేతుల్లో నా చెయ్యి కూడా ఉంది. ఆ బాధ ఇన్నేళ్లుగా నాతోనే ఉంది.

అయితే అన్ని ప్రశ్నలకూ అలా జరగలేదు. ఒకే సమావేశాల్లో మా కార్యాలయానికి వచ్చిన రెండు ప్రశ్నలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. మొదటిది, "జిల్లాలో ఫ్లోరైడ్ సమస్య పరిష్కారానికి ప్రభుత్వం తీసుకుంటున్న చర్యలేమిటి?" అన్నది. దానికి కొత్తగా రాయవలసింది ఏమీ లేకపోయింది. అంతకు ముందు ఏడాది ఇచ్చిన జవాబు ఫైలులో ఉంది, సంవత్సరం మార్చి, మంజూరైన పథకాల సంఖ్య మార్చి, మధ్యాహ్న భోజనం లోపే పైకి పంపించాము. రెండోది దేవరకొండ వైపు ఒక తండా పేరు పెట్టి అడిగిన ప్రశ్న. ఆ తండాలో బిగించిన ఫ్లోరైడ్ తొలగింపు ప్లాంటు ఏ తేదీ నుంచి పనిచేయడం లేదు, దాని నిర్వహణకు గత రెండేళ్లలో ఎంత ఖర్చు రాశారు, ఆ డబ్బు ఎవరికి చెల్లించారు అని ఆ సభ్యుడు అడిగారు. మా రికార్డులో ఆ ప్లాంటు "పనిచేయుచున్నది". కానీ తేదీ అడిగారు కాబట్టి, డబ్బు ఎవరికి చెల్లించారో అడిగారు కాబట్టి, ఆ రాత్రికి రాత్రే జీపులో డిప్యూటీ ఇంజనీరుతో పాటు రిజిస్టర్లు పట్టుకుని నేను కూడా వెళ్లవలసి వచ్చింది.

టార్చి వెలుగులో చూశాము. ప్లాంటు గది తాళం తుప్పు పట్టి రెండు సుత్తి దెబ్బలకు ఊడి కింద పడింది. లోపల పటిక బస్తాలు తేమకు కరిగి, మళ్లీ ఎండి, ఒక్కటే బండగా గట్టిపడి ఉన్నాయి. సున్నం సంచిలో చీమలు పుట్ట పెట్టాయి. గది గుమ్మానికి ఎవరిదో మేక కట్టేసి ఉంది. చప్పుడుకు లేచి వచ్చిన ఒక పెద్దావిడ మమ్మల్ని చూసి, "నడిచింది సారూ, పెట్టిన ఎండాకాలం నడిచింది. వానాకాలం చూడలే" అన్నది. ఆమె మాట్లాడినంత సేపూ గోడకు ఆనుకునే నిలబడింది. మెడ పక్కకు తిప్పలేక, మాతో మాట్లాడటానికి మొత్తం మనిషే తిరగవలసి వస్తోందని నాకు కొంతసేపటికి గానీ అర్థం కాలేదు.

పదిహేను రోజులు తిరగకముందే ఆ ప్లాంటు నడిచింది. కొత్తగా ఏ ఉత్తర్వూ రాలేదు, అదనంగా ఒక్క రూపాయి మంజూరు కాలేదు. సభలో మంత్రి గారు లేచి జవాబు చెప్పే నాటికి అది పనిచేస్తూ ఉండాలి, అంతే. నా ఉద్యోగ జీవితం మొత్తంలో ఒక కాగితం మీది ప్రశ్న ఒక తండాకు నీళ్లు తెచ్చిపెట్టడం నేను కళ్లారా చూసింది ఆ ఒక్కసారే. ఆ సభ్యుడు అడిగిన తీరులోనే అంతా ఉంది: ఊరి పేరు, తేదీ, రూపాయలు, వాటిని తీసుకున్నవారు. ఈ నాలుగూ ఉన్న ప్రశ్నకు ఫైలులో పాత జవాబు దొరకదు. పైగా ఆ జవాబు నిజమో కాదో తేల్చుకోవడానికి నిపుణులెవరూ అక్కరలేదు, తండాలో మేకలు కాసుకునే మనిషి కూడా తేల్చగలదు. మిమ్మల్ని నేను కోరుకునేది ఇదే. మీరు రాబట్టే జవాబు ఊరు తన కళ్లతో సరిచూసుకోగలిగేదిగా ఉండాలి.

ప్రశ్నలోని ఒక్క మాట జారినా జవాబు ఎటు పోతుందో మీలో పాతవారికి తెలుసు. కొత్తగా వెళ్లినవారి కోసం చెబుతున్నాను. "ఫలానా మండలంలో తాగునీటి ఎద్దడి తీవ్రంగా ఉన్న మాట వాస్తవమేనా?" అని (అ) భాగంలో అడిగి, "అయినచో తీసుకున్న చర్యలేమిటి?" అని (ఆ) భాగంలో అడిగారనుకోండి. (అ)కి "కాదండి" అని ఒక్క మాట రాస్తే చాలు, (ఆ)కి "ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు" అని రాసి చేతులు కడుక్కోవచ్చు. "తీవ్రంగా" అన్న మాట పట్టుకునే "కాదండి" అనేస్తారు. ఎద్దడి ఉన్నదా లేదా అన్నది అక్కడ తేలనే తేలదు. అదే ప్రశ్నను "ఫలానా మండలంలోని ఒక్కొక్క గ్రామానికి గడచిన మూడు నెలల్లో ఎన్ని రోజులు నీరు సరఫరా అయినది?" అని అడిగితే అవును, కాదు అన్న తలుపులు రెండూ మూసుకుపోతాయి, లెక్క చెప్పవలసి వస్తుంది. ఇదంతా మాటల గారడీ అని ఎవరైనా అనుకోవచ్చు గానీ, ఆ మాటల చివరన ఉన్నది బిందె పట్టుకుని నిలబడ్డ మనిషి.

నీళ్ల విషయం మన ప్రాంతంలో మామూలు విషయం కాదు కాబట్టి దాని దగ్గర కొంతసేపు ఆగుతాను. మన గ్రానైటు రాళ్లలో ఉన్న ఫ్లోరైడ్ భూగర్భ జలంలోకి దిగుతుంది; బోరు లోతుకు పోతున్నకొద్దీ చాలా చోట్ల దాని పాలు పెరుగుతుంది. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము దాటకూడదనీ, వేరే దారి లేనప్పుడు ఒకటిన్నర దాకా ఓర్చుకోవచ్చనీ భారతీయ ప్రమాణాలు చెబుతాయి. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు ప్రాంతాల పల్లెల్లో తరాల తరబడి అంతకు ఎన్నో రెట్లున్న నీళ్లు తాగి పళ్లు గారపట్టి, కాళ్లు వంకర్లు పోయి, నడుములు బిగుసుకుపోయిన మనుషులను మీరు ఓట్ల వేళ చూసే ఉంటారు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును అడుగుకు దింపే విధానాన్ని 1970లలో నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు రూపొందించి దానికి "నల్లగొండ టెక్నిక్" అని పేరు పెట్టారు. మన జిల్లా పేరు దూరదేశాల పుస్తకాలకు ఎక్కింది అలా.

సభలో తమ మాట వినపడనప్పుడు ఈ జిల్లా ప్రజలు ఏం చేశారో కూడా మీకు గుర్తు చేయాలి. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీలో నిలిచారు. జల సాధన సమితి పిలుపు మీద ఫ్లోరైడ్ ఊళ్ల రైతులు, కూలీలు, కాళ్లు చేతులు వంగినవాళ్లు నామినేషన్లు వేశారు. గెలుస్తామని వారెవరూ అనుకోలేదు. మా నీళ్ల గురించి ఢిల్లీ ఒక్కసారి చదవాలని వేశారు. పుస్తకమంత బ్యాలెట్ పత్రం అచ్చు వేయవలసి వచ్చింది. ఆ తరువాత దేశంలో వచ్చిన మార్పు మాత్రం లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్ 500 రూపాయల నుంచి 10,000 రూపాయలకు పెరగడం. అంతమంది కలిసి వేసిన ప్రశ్నకు అదీ దక్కిన జవాబుల్లో ఒకటి. ఇప్పుడు మీరు ఒక కాగితం మీద రాసి కార్యదర్శికి ఇస్తే చాలు, అదే ప్రశ్నకు మంత్రి జవాబు చెప్పవలసి ఉంటుంది. ఆ కాగితం విలువ నాకు ఆ 480 పేర్లతో పాటే గుర్తుకు వస్తుంది.

మిషన్ భగీరథ వచ్చాక పరిస్థితి మారిందన్నది నిజం; దాన్ని కాదనడం అన్యాయం. 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో పైలాన్ ఆవిష్కరించినప్పుడు నేను ఉద్యోగంలోనే ఉన్నాను. గ్రామాల్లో మనిషికి రోజుకు 100 లీటర్ల లెక్కన, శుద్ధి చేసిన నది నీటిని ఇంటింటి నల్లాకు ఇవ్వాలన్నది ఆ పథకం లక్ష్యం. మా ఊరి పిల్లల పళ్లు వాళ్ల తల్లిదండ్రుల పళ్లకంటే తెల్లగా ఉన్నాయి. నాకు అంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు. కేంద్ర జలశక్తి శాఖ లెక్కల్లో కూడా తెలంగాణలో ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు 2020 నాటికి సున్నాకు వచ్చాయి. కానీ ఆ సున్నా నిలబడాలంటే నది నీళ్లు ఆగకుండా రావాలి. పైపులైను పగిలిన రోజు, పంపు ఆగిన రోజు, ఎండాకాలంలో ఒత్తిడి తగ్గి ట్యాంకు సగమే నిండిన రోజు ఊళ్లో ఏం జరుగుతుంది? పాత బోరు మోటారు ఆన్ చేస్తారు, అదే ట్యాంకులోకి ఎక్కిస్తారు, అదే నల్లాలోంచి వదులుతారు. తాగేవాళ్లకు అవి నది నీళ్లో బోరు నీళ్లో తెలిసే దారి లేదు. అందుకే "భగీరథ పథకం ఎన్ని ఆవాసాలకు అందింది?" అన్న ప్రశ్న ఇక చాలించండి, దానికి జవాబు "అన్నింటికీ" అనే వస్తుంది. ఎన్ని రోజులు అందింది, అందని రోజుల్లో ట్యాంకులో ఏ నీళ్లు పోశారు, ఆ బోరు నీటిని చివరిసారి ఏ తేదీన పరీక్షించారు, ఆ కాగితం పంచాయతీ గోడ మీద ఎక్కడ అంటించారు అని అడగండి.

అప్పటికే వంగిన ఎముకలను నది నీళ్లు నిటారు చేయలేవు. ఆ మనుషులకు పింఛను రావాలంటే సదరం శిబిరంలో కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు ధ్రువీకరణ కావాలి. బిగుసుకున్న మెడను, లేవని చేతిని అక్కడ ఎలా కొలుస్తున్నారు, ఎందరు ఫ్లోరోసిస్ బాధితులు ఎన్నిసార్లు తిరిగి ఉత్త చేతులతో వెనక్కి వచ్చారు అన్నది మండలాల వారీగా అడగవలసిన ప్రశ్న. అలాంటివాళ్లు ఏటేటా కాలం చేసి తగ్గిపోతున్నారు కాబట్టి ఈ ప్రశ్నకు కాలయాపన పనికిరాదు.

ఇక బస్సు. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. మా ఇంటి ఎదుటి అమ్మాయి డిగ్రీ చదువు దాని మీదే నడుస్తోంది. పొద్దున ఏడున్నరకు వచ్చే బండి కోసం ఆమె ఏడింటికే వెళ్లి నిలబడుతుంది, ఎందుకంటే అది ముందు ఊళ్లలోనే నిండి మా స్టేజీ దగ్గర ఆగకుండా వెళ్లిపోయే రోజులున్నాయి. మాపటి బండి రద్దయి చాలా కాలమైంది. చీకటి పడే వేళకు ఆమె షేర్ ఆటోలో వచ్చి రోడ్డు మీద దిగితే తండ్రి టార్చి పట్టుకుని ఎదురు వెళతాడు. ఉచితమైన టికెట్టు ఉపయోగపడాలంటే ముందు బస్సు రావాలి కదా. రాష్ట్రంలో ఎన్ని కోట్ల ప్రయాణాలు జరిగాయన్న లెక్క మంత్రులు అడగకుండానే చెబుతారు. మీరు అడగవలసినది మీ నియోజకవర్గంలో ఒక్కొక్క రూటులో కోవిడ్‌కు ముందు రోజుకు ఎన్ని ట్రిప్పులు తిరిగేవి, ఇప్పుడు ఎన్ని తిరుగుతున్నాయి, ఏ ట్రిప్పు ఏ తేదీన ఎవరి ఉత్తర్వుతో రద్దయింది అన్నది. ఈ వివరాలు ప్రతి డిపోలోనూ ఉంటాయి, తీయడానికి ఒక పూట చాలు.

దవాఖానల విషయంలో జాగ్రత్తగా అడగవలసిన మాట ఒకటుంది. మహబూబ్‌నగర్‌కు 2016లో, నల్లగొండకు, సూర్యాపేటకు 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. గుండె నొప్పి వస్తే హైదరాబాద్ దాకా పోయే దారి కొంత తగ్గింది. కానీ చందంపేట, నేరేడుగొమ్ము మండలాల తండాల్లో, నల్లమలలో అమ్రాబాద్ వైపు చెంచు పెంటల్లో (చెంచుల గూడేల్లో) రాత్రి పూట పిల్లకు జ్వరం ముదిరితే మొదట వెళ్లవలసింది ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికే. కొండ, గిరిజన ప్రాంతాల్లో 20,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 3,000 మందికి ఒక ఉపకేంద్రం ఉండాలన్నది జాతీయ ప్రమాణం. "పోస్టులు ఎన్ని భర్తీ అయ్యాయి?" అని అడిగితే వచ్చే అంకె మంచిగానే ఉంటుంది. ఆ భర్తీ అయిన మనిషి డిప్యుటేషన్ మీద పట్టణంలో మరో చోట పనిచేస్తూ, జీతం మాత్రం ఈ తండా పేరు మీద తీసుకుంటుంటే ఆ అంకెలో అది కనిపించదు. కాబట్టి "ఏ కేంద్రంలో ఏ డాక్టరు, ఏ నర్సు డిప్యుటేషన్ మీద వేరే చోట ఉన్నారు, ఎప్పటి నుంచి, ఆ కేంద్రంలో రాత్రి ఎనిమిది తరువాత ఎవరు ఉంటున్నారు?" అని అడగండి. బడుల్లో సర్దుబాటు పేరుతో జరిగే బదలాయింపులకూ ఇదే ప్రశ్న పనికివస్తుంది. విద్యా హక్కు చట్టం ప్రాథమిక బడిలో 30 మంది పిల్లలకు ఒక టీచరు అంటుంది. కాగితం మీది టీచరా, బడిలో ఉన్న టీచరా అన్నది అడిగితేనే తేలుతుంది.

శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం గురించి మీరు ఇప్పటికే ఎన్నోసార్లు అడిగారు, ఇంకా అడుగుతారు. 43.93 కిలోమీటర్ల ఆ సొరంగం పని 2005లో ఒప్పందం అయింది. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయే నాటికి ఇంకా 9 కిలోమీటర్లకు పైగా తవ్వవలసి ఉంది. ఇరవై ఏళ్లుగా "ఎప్పటికి పూర్తవుతుంది?" అని అడుగుతూ వచ్చాము, ప్రతిసారీ ఒక గడువు చెబుతూ వచ్చారు, ఆ గడువు జరుగుతూ వచ్చింది. పొట్టకూటి కోసం ఎక్కడెక్కడి రాష్ట్రాల నుంచో వచ్చి మన పొలాల నీళ్ల కోసం భూమి లోపలికి దిగిన ఆ మనుషులకు మనం బాకీ పడ్డాము. ఇక మీద గడువు అడగకండి. గడచిన మూడు నెలల్లో ఎన్ని మీటర్లు తవ్వారు, లోపల పనిచేసేవారి రక్షణకు ఏ ఏర్పాటు ఏ తేదీన చేశారు, దాన్ని ఎవరు తనిఖీ చేశారు అని ప్రతి సమావేశంలోనూ అవే మాటల్లో అడగండి.

చాలాసార్లు మంచి ప్రశ్న కూడా అనుబంధ ప్రశ్న దగ్గర చేజారిపోవడం చూశాను. నక్షత్ర గుర్తు ఉన్న ప్రశ్నకు మంత్రి నోటితో జవాబు చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. గుర్తు లేని ప్రశ్నకు రాతపూర్వక జవాబుతో సరి. అనుబంధ ప్రశ్న వేసే అవకాశం దొరికినప్పుడు కొందరు సభ్యులు ఆ రెండు నిమిషాలూ తమ నియోజకవర్గంలోని పది వేరే పనుల జాబితా చదువుతారు. అధికారుల గ్యాలరీలో కూర్చున్నవాళ్లకు అది పెద్ద ఊరట, ఎందుకంటే అసలు ప్రశ్న అక్కడితో మరుగున పడుతుంది. బ్రిటిషు ఏలుబడిలోనే 1892 చట్టంతో కౌన్సిళ్లలో ప్రశ్నలు అడిగే హక్కు వచ్చింది, అనుబంధ ప్రశ్న వేసే హక్కు 1909లో వచ్చింది. నైజాం ఏలుబడిలో ఉన్న మన తాతలకు అవి అందలేదు. గ్రామంలో దొర గడీ ముందు నిలబడి నోరు విప్పడమే ప్రాణాల మీదికి తెచ్చుకోవడం అయిన కాలం అది. 1952లో మొదటిసారి ఓటు వేసినప్పుడు ఈ జిల్లా తెలంగాణ సాయుధ పోరాట నాయకుడు రావి నారాయణరెడ్డి గారిని దేశంలోనే అత్యధిక ఓట్లతో లోక్‌సభకు పంపింది. తమ తరఫున అడిగే మనిషి కోసం ఈ నేల ఎంత ఆత్రంగా ఎదురు చూసిందో చెప్పడానికి నాకు ఆ ఒక్క సంగతి చాలు. అంత కష్టపడి తెచ్చుకున్న ఆ రెండు నిమిషాలను దయచేసి ఒక్క ఊరికి, ఒక్క ప్రశ్నకు కేటాయించండి.

అధికార పక్షంలో ఉన్న సభ్యులకు ప్రత్యేకంగా ఒక మనవి. మన మంత్రిని మనమే ఇబ్బంది పెట్టడం ఎందుకని మీలో చాలామంది మొహమాటపడతారు. చాంబరుకు వెళ్లి వినతిపత్రం ఇచ్చి, ఫోటో దిగి వస్తారు. ఆ వినతిపత్రం మీద "పరిశీలించగలరు" అని రాసి కిందికి పంపితే అది మా వంటి కార్యాలయాల్లో ఏ కట్టలో చేరుతుందో నాకు బాగా తెలుసు. సభలో అడిగిన ప్రశ్నకు మాత్రం గడువు లోపల జవాబు రాసి తీరాలి. మంత్రికి కూడా తన శాఖలో నిజంగా ఏం జరుగుతోందో తెలిసే దారి అదొక్కటే అయిన సందర్భాలు ఉన్నాయి. ఆ తండా ప్లాంటు సంగతి మంత్రి దాకా వెళ్లింది ఆ ప్రశ్న వల్లనే. సూటిగా అడిగే సభ్యుడు మంత్రికి శత్రువు కాడు.

సమాచార హక్కు చట్టం ఉంది కదా, ఎవరికి వారు అడగవచ్చు కదా అంటారేమో. నేనూ వేశాను, 30 రోజుల్లో జవాబు రావాలని చట్టం చెబుతుంది. కానీ 2005 నాటి ఆ చట్టంలో, చట్టసభకు నిరాకరించలేని సమాచారాన్ని ఏ మనిషికీ నిరాకరించరాదని ఒక వాక్యం ఉండేది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఆ సెక్షన్‌ను మార్చినప్పుడు ఆ వాక్యం తీసేశారు. ఎవరు బిల్లు తీసుకున్నారు, ఎవరు డిప్యుటేషన్ మీద వెళ్లారు అంటే "వ్యక్తిగత సమాచారం" అన్న జవాబు మా వంటివారికి ఇక మరింత తేలికగా వస్తుందని నా భయం. మాకు మూసుకునే ఆ తలుపు దగ్గర మీ మాటకు మా మాటకంటే బరువు ఎక్కువ. 2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం ముగిసి, ఊళ్లు చాలా కాలం ప్రత్యేక అధికారుల చేతిలో ఉన్నప్పుడు పంచాయతీలో అడిగే మనిషే లేక మేము ఎంత ఇబ్బంది పడ్డామో మీరు చూశారు.

జవాబు వచ్చిన తరువాత అది సభ రికార్డుల్లోనే ఉండిపోవడం నాకు అన్నింటికంటే బాధ కలిగించే విషయం. మీరు అడిగారు, మంత్రి చెప్పారు, మరునాడు జిల్లా ఎడిషన్‌లో రెండు వాక్యాలు వచ్చాయి, అక్కడితో అయిపోయింది. ఏ ఊరి గురించి అడిగారో ఆ ఊరికి ఆ కాగితం ఎన్నడూ రాదు. దయచేసి ఆ జవాబు నకలు ఒకటి ఆ పంచాయతీకి పంపండి. "మీ ఊరి ప్లాంటు పనిచేయుచున్నది" అని మంత్రి చెప్పిన సంగతి ఆ ఊరివాళ్లకు తెలిస్తే, అది పనిచేయకపోతే వాళ్లే మీకు మళ్లీ రాస్తారు. సభలో ఇచ్చిన హామీ నెరవేరకపోతే వెంబడించడానికి ప్రభుత్వ హామీల కమిటీ అనే ఏర్పాటు ఉంది. దాని ముందు పెట్టడానికి మీకు ఆ ఊరివాళ్ల ఉత్తరాలే ఆధారం అవుతాయి.

చివరగా, నాకు చేతనైన పని ఒకటి చేసి ఈ లేఖతో జత చేస్తున్నాను. ఇన్నేళ్లు జవాబులు రాసినవాడిని కాబట్టి ఒక ప్రశ్న రాయగలను. మునుగోడు నియోజకవర్గంలోని నాలుగు మండలాలకు రాశాను. మండలాల పేర్లు మార్చుకుంటే మీలో ఎవరైనా వాడుకోవచ్చు. మాటలు మార్చదలచుకుంటే మార్చండి గానీ, తేదీలు అడిగిన చోట మాత్రం దయచేసి తీసేయకండి.

"గ్రామీణ తాగునీటి సరఫరా శాఖ మంత్రి గారు ఈ కింది విషయములు దయచేసి తెలియజేస్తారా:

(అ) మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు మండలాల్లోని ఒక్కొక్క ఆవాసానికి గడచిన 12 నెలల్లో, నెలవారీగా, ఎన్ని రోజులు మిషన్ భగీరథ నీరు అందినది;

(ఆ) నీరు అందని రోజుల్లో ఆయా ఆవాసాల ట్యాంకులను ఏ బోరు నీటితో నింపినారు; ఆ నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములు ఉన్నది; ఆ పరీక్ష ఏ తేదీన, ఏ ప్రయోగశాలలో జరిగినది;

(ఇ) ఆ పరీక్ష ఫలితాలను ఆయా గ్రామ పంచాయతీ కార్యాలయాల గోడలపై ఏ తేదీన ప్రదర్శించినారు; ప్రదర్శించని చోట్ల ఏ తేదీలోగా ప్రదర్శిస్తారు;

(ఈ) ఈ మండలాల్లో ఇంకా వాడుకలో ఉన్న ఫ్లోరైడ్ తొలగింపు ప్లాంట్లు ఎక్కడెక్కడ ఉన్నవి. ఒక్కొక్కదాని నిర్వహణకు గడచిన రెండు సంవత్సరాలలో ఎంత చెల్లించినారు, ఎవరికి చెల్లించినారు?"

దీనికి జవాబు వచ్చిన రోజు నకలు నాకు కూడా ఒకటి పంపించండి. మా ఊరి గ్రామసభలో నేనే చదివి వినిపిస్తాను, ఆ తరువాత అందరం కలిసి ట్యాంకు దగ్గరికి వెళతాము.

ఇట్లు
మీ ఓటరు, పదవీ విరమణ చేసిన ప్రభుత్వోద్యోగి
నల్లగొండ జిల్లా